శుక్రవారం రాత్రి జ్వరం: ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ వాడిన పదిహేను నెలలు

ఎరుపు విషయంలో మా ఇంట్లో ఎవరూ పొరబడరు. నాన్నది గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం, పద్దులు నేను చూస్తాను. 2024 ఫిబ్రవరి 13, మంగళవారం. సీజను ఊపు మీద ఉంది. ఎడమ కంట్లో ఘాటు పడితే ఆ కన్ను మూసుకుని, కుడి కంటితోనే ఒక లాటు శాంపిల్ చూస్తున్నాను. "నాన్నా, ఇందులో తాలు బాగా కలిసినట్టుంది, రంగు వెలిసిపోయింది" అన్నాను. నాన్న దోసెడు కాయలు తీసి చూశారు, తరువాత నన్ను చూశారు. "తేజ రకం, నిన్న కళ్లం నుంచి వచ్చిన సరుకు. తాలు ఎక్కడుందమ్మా?"

ఎడమ కన్ను కడుక్కుని వచ్చి మళ్లీ చూస్తే కాయలు నిగనిగలాడుతున్నాయి. కుడి కంటితో చూస్తే అవే కాయలు పాత ఇటుక రంగులో ఉన్నాయి. రెండు కళ్లకూ రెండు రకాల మిరపకాయలు. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల, వెనక ఎక్కడో నొప్పి.

నాలుగు రోజులు వృథా అయ్యాయి. మొదట చూపించుకున్న చోట ఘాటు వల్లే అని చుక్కల మందు ఇచ్చారు. నేనూ సంతోషంగా నమ్మాను. శనివారానికి కుడి కంటితో కంటి పరీక్ష అక్షరాల బోర్డు మీద పై రెండు వరుసలు తప్ప ఏమీ కనిపించలేదు. అప్పుడు పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరు చేసింది చాలా చిన్న పరీక్ష. టార్చి ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వేశారు. వెలుగు కుడి కంటిమీదికి రాగానే పాప చిన్నది కావలసింది పోయి పెద్దదవుతోందట. "కంటిలో ఏమీ లేదమ్మా, కంటి నరానికి వాపు" అని ఉత్తరం రాసి న్యూరాలజిస్టు దగ్గరకు పంపారు.

సోమవారం, 19న, మెదడుకీ వెన్నుకీ ఎంఆర్ఐ తీశారు. గంటా పది నిమిషాలు ఆ గొట్టంలో ఉన్నాను. సగంలో కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు చెయ్యి చల్లబడింది, నోట్లో ఇనుము రుచి తగిలింది. ఖర్చు 19,500. మర్నాడు రిపోర్టులో మెదడులో తొమ్మిది మచ్చలు, మెడ దగ్గర వెన్నులో ఒకటి. వాటిలో రెండు కాంట్రాస్ట్ పీల్చుకుని తెల్లగా మెరుస్తున్నాయి. మెరిసేవి కొత్తవనీ, ఆ చోట రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే గోడ కారుతోందనీ న్యూరాలజిస్టు చెప్పారు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఏది చెప్పాలన్నా మందుల చీటీ తిరగేసి వెనక బొమ్మ గీస్తారు. ఆ చీటీలన్నీ దాచుకున్నాను.

"ఇంతకు ముందు ఎప్పుడైనా తిమ్మిర్లు వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయి. 2022 అక్టోబరులో మూడు వారాల పాటు కాళ్లు మొద్దుబారాయి, నడుము చుట్టూ ఎవరో తువ్వాలు బిగించి కట్టినట్టు ఉండేది. బి12 తక్కువని ఇంజెక్షన్లు చేశారు, తగ్గింది, మరిచిపోయాను. అది దానంతట అదే తగ్గిందని ఇప్పుడు తెలిసింది.

21 నుంచి అయిదు రోజులు రోజుకు ఒక గ్రాము చొప్పున స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. నోరంతా చేదు, రాత్రంతా నిద్ర లేదు, మూడో రోజు ఉదయం నాలుగింటికి ఆసుపత్రి గదిలో బీరువా సర్దాను. మధ్యలో వెన్ను నుంచి నీరు తీశారు. తీసేటప్పుడు అంత బాధ లేదు. మూడో రోజు నుంచి వచ్చిన తలనొప్పి మాత్రం మరిచిపోలేను. పడుకుంటే ఏమీ ఉండదు, లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది. వారం పట్టింది. తీయించుకోబోయే వాళ్లు ఆ వారం పనులేవీ పెట్టుకోవద్దు.

రిపోర్టులకోసం ఎదురుచూడటమే అన్నిటికన్నా కష్టమైన దశ. ఆక్వాపోరిన్ యాంటీబాడీ పరీక్ష అని ఒకటి ఉంది. అది పాజిటివ్ వస్తే జబ్బు ఎంఎస్, అంటే రోగనిరోధక శక్తి మన నరాల పైపూతనే తినేసే జబ్బు కాదు, దాని దాయాది లాంటి మరొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఎంఎస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఆ రెండోదాన్ని ఇంకా ఉధృతం చేయగలదు. అందుకే ఆ కాగితం రాకుండా మందు మొదలుపెట్టనని డాక్టరు ఖచ్చితంగా చెప్పారు. ఆరు రోజులకు నెగటివ్ వచ్చింది. వెన్ను నీటిలో ఎంఎస్‌కు ఆధారంగా చూసే యాంటీబాడీల గుర్తులు, ఆలిగోక్లోనల్ బ్యాండ్లు ఉన్నాయని మరో వారానికి తెలిసింది. మార్చి 6న ఆవిడ చీటీ మీద రెండే అక్షరాలు రాశారు: ఎంఎస్. అమ్మ కారులో ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు ఆకలేసింది.

మందు ఎంచుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు ఇంతకన్నా బలమైన మందులు చాలా ఉన్నాయని, ఇంటర్‌ఫెరాన్ బీటా పాతదని డాక్టరే చెప్పారు. ఎంఎస్‌కు అది మొదట అమెరికాలో 1993లో అనుమతి పొందింది. దాడుల్ని, అంటే జబ్బు ఉన్నట్టుండి విరుచుకుపడటాన్ని, సుమారు మూడో వంతు తగ్గిస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. చవకగా దొరికే మాత్ర ఒకటి ఉంది కానీ గర్భం దాల్చాలనుకునే వాళ్లకు పనికిరాదు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, పెళ్లయి రెండేళ్లు. ఇంటర్‌ఫెరాన్ విషయంలో 2019లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ సూచనలు మార్చి, అవసరమైతే గర్భంతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ వాడవచ్చంది. ఆ ఒక్క వాక్యం కోసమే నేను దీన్ని ఎంచుకున్నాను. వారానికి ఒకసారి తొడ కండలోకి 30 మైక్రోగ్రాముల ఇంటర్‌ఫెరాన్ బీటా 1ఎ.

ఒక్కో సిరంజి నాకు 5,800 పడింది. ఏడాదికి 52 వారాలు, 3,01,600 రూపాయలు. ఆరోగ్య బీమా వాళ్లు స్టెరాయిడ్ల కోసం ఆసుపత్రిలో ఉన్న రోజులకు డబ్బు ఇచ్చారు, మందుల దుకాణంలో కొనే ఇంజెక్షన్‌కు మాత్రం పైసా రాదన్నారు. మూడు ఉత్తరాలు రాశాను, మూడింటికీ ఒకే జవాబు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది. కానీ ప్రయోజనాలకు నలభై శాతం వైకల్యం ఉండాలి, నేనేమో చక్కగా నడుస్తున్నాను. చక్కగా నడవడం కోసమే ఈ మూడు లక్షలని ఎవరికి చెప్పుకోవాలి? పెళ్లి గాజులు బ్యాంకులో పెట్టాం.

ఏప్రిల్ 5, శుక్రవారం మొదటి ఇంజెక్షన్. శుక్రవారమే ఎందుకంటే శని, ఆదివారాలు యార్డుకు సెలవు. మొదటి వారం పావు మోతాదు, తరువాత సగం, ముప్పావు, నాలుగో వారం నుంచి పూర్తిగా. పావు మోతాదుకు ఏమీ కాలేదు. ఉగాదికి పచ్చడి తిని, ఇంతేనా అనుకున్నాను.

ఏప్రిల్ 26 రాత్రి ఎనిమిదిన్నరకు పూర్తి మోతాదు. పదకొండున్నరకు వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. ఒంటి గంటకు 101.8. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పి. అన్నిటికన్నా భయపెట్టింది కుడి కన్ను. మళ్లీ మసకబారింది. పాదాల్లో 2022 నాటి తిమ్మిరి. మా ఆయన ఆసుపత్రికి పోదామని చెప్పులు వేసుకున్నారు. తెల్లారేసరికి జ్వరం దిగింది, దాంతోపాటే కన్ను తేటపడింది, తిమ్మిరి పోయింది. ఒంట్లో వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు సరిగా సాగవని, అది కొత్త దాడి కాదని సోమవారం డాక్టరు చెప్పారు. చల్లబడగానే పోతే పాతదాని నీడ. జ్వరం లేకుండా ఒక రోజు దాటి నిలిస్తే ఫోను చేయాలి. ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఆ రాత్రి మా ఆయన వరండాలో కూర్చునే వారు కాదు.

ఆ రోజే ఆవిడను అడిగాను. "డాక్టరు గారూ, నా రోగనిరోధక శక్తి అతిగా పనిచేసి నా నరాల పైపూతను తినేస్తోందన్నారు కదా. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ వచ్చినప్పుడు ఒంటిని రెచ్చగొట్టే పదార్థం. మండుతున్న పొయ్యిలో ఇంకో కట్టె పెడుతున్నామా?"

ఆవిడ నవ్వి చీటీ తిరగేశారు. ఆ అనుమానం శాస్త్రవేత్తలకూ ఉండేదట, ఒక రకంలో అది నిజమే అయింది కూడా. ఇంటర్‌ఫెరాన్లలో గామా అని ఒక రకం ఉంది. దాన్ని పద్దెనిమిది మంది ఎంఎస్ రోగులకు ఇచ్చి చూస్తే ఏడుగురికి దాడులు వచ్చాయి. 1987లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, గామా కథ అక్కడితో ముగిసింది. నాకు ఇస్తున్నది బీటా. పేరు ఒకటే, కబురు వేరు.

ఆవిడ గీసిన బొమ్మను నాకు అర్థమైనట్టు చెబుతాను. కణం పైపొర మీద ఇంటర్‌ఫెరాన్ కోసం రెండు ముక్కల గ్రాహకం ఉంటుంది. మందు వచ్చి ఆ రెండు ముక్కల్నీ ఒకచోట చేరుస్తుంది. మందు లోపలికి పోదు, దాని పని గుమ్మం దగ్గరే అయిపోతుంది. గుమ్మం లోపలి వైపు జాక్1, టైక్2 అని ఇద్దరు కాపలాదారులు ఉంటారు. వాళ్లు మేలుకుని స్టాట్1, స్టాట్2 అనే ప్రోటీన్లకు ముద్ర వేస్తారు. ముద్ర పడ్డ ఆ రెండూ ఐఆర్‌ఎఫ్9 అనే మూడోదానితో కలిసి కణ కేంద్రకంలోకి వెళ్లి, వందలకొద్దీ జన్యువుల్ని కదిలిస్తాయి. నాకు వెంటనే మా యార్డే గుర్తొచ్చింది. బేరం గేటు బయటే కుదురుతుంది, లోపలికి వెళ్లేది చీటీ. ఆ చీటీ మీద ముద్ర చూసి హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కదిలిస్తారు. చీటీ రాసినవాడు ఎప్పుడో ఇంటికి పోయి ఉంటాడు.

మందు రక్తంలో ఎక్కువ కాలం ఉండకపోయినా వారానికి ఒక్క ఇంజెక్షన్ ఎలా సరిపోతుందో కూడా అప్పుడే తెలిసింది. చీటీ మీద మొదలైన పని కొన్ని రోజులు సాగుతుంది. ఎమ్ఎక్స్ఎ అని ఒక ప్రోటీన్ ఉంది, కబురు అందిన కణం తయారుచేసేది. కబురు అందిందో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు దాన్నే కొలుస్తారు.

ఇంతకీ ఆ జన్యువులు కదిలితే నాకేమిటి లాభం? మంట పెంచే కబుర్లు తగ్గి, ఐఎల్10 లాంటి మంట చల్లార్చేవి పెరుగుతాయి. ఉద్రేకపడ్డ టీ కణాలు (రోగనిరోధక శక్తికి చెందిన తెల్ల కణాలు) రక్తనాళం గోడను పట్టుకుని ఆగడం, ఆ గోడను కరిగించుకుని మెదడులోకి దూరడం తగ్గుతుంది. కరిగించే ఎంజైము తయారీయే తగ్గుతుందట. నా ఎంఆర్ఐలో మెరిసిన రెండు చోట్లా జరిగింది ఆ దూరడమే. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి, వీటిలో ఏది ఎక్కువ మేలు చేస్తుందో విడదీసి చెప్పలేమని ఆవిడే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు వల్ల ఆవిడ మీద నాకు నమ్మకం పెరిగింది.

మరి జ్వరం? ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లు నొప్పులకూ చలికీ కారణాల్లో మన ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్లు కూడా ఉన్నాయి. నాకు శుక్రవారం రాత్రి వస్తున్నది వైరస్ లేని ఫ్లూ. శత్రువు లేడు, శత్రువు వచ్చాడన్న కబురు మాత్రం ఉంది. ఆ మాట విన్నాక జ్వరం మీద కోపం సగం తగ్గింది. నొప్పి తగ్గలేదు.

నొప్పికి ఉపాయాలు మెల్లగా దొరికాయి. ఇంజెక్షన్‌కు అరగంట ముందు ఒక పారసిటమాల్, మళ్లీ నాలుగైదు గంటలకు ఒకటి. పడుకోబోయే ముందు వేసుకుంటే చలి నిద్రలో గడిచిపోతుంది. సిరంజిని ఫ్రిజ్ నుంచి అరగంట ముందే తీయాలి, చల్లటి మందు కండలో మంటపెడుతుంది. ఈ వారం కుడి తొడ అయితే వచ్చే వారం ఎడమ. మొదటి ఆరు ఇంజెక్షన్లు మా వీధి చివర నర్సు చేసింది, ఒక్కోదానికి వంద. ఏడోది నేనే చేసుకున్నాను. సూది అంగుళం పొడవుంటుంది, చూస్తూ గుచ్చుకోవాలంటే చెయ్యి మాట వినదు. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. చివరికి అత్తయ్య వచ్చి, "చేసుకుంటావా, నన్ను చేయమంటావా?" అన్నారు. ఆవిడ చేస్తారన్న భయంతో చేసుకున్నాను.

ఫ్రిజ్ సంగతి కూడా చెప్పాలి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మిరప టిక్కీలను కోల్డ్ స్టోరేజీల్లో దాచే కుటుంబం మాది, చల్లదనం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి ఆరు గంటలు రాలేదు. 23,200 రూపాయల నాలుగు సిరంజిల్ని టిఫిన్ డబ్బాలో పెట్టి, దాని చుట్టూ తువ్వాలు చుట్టి, ఐస్ పెట్టెలో ఉంచి, ఐస్ తగిలి గడ్డకడతాయేమోనని గంటకోసారి లేచి చూశాను. మర్నాడే చిన్న థర్మామీటరు కొన్నాను, 350.

నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు రక్త పరీక్షలు. మూడో నెలలో కాలేయం ఎంజైము ఉండవలసిన దానికి రెండింతలు ఉంది, తెల్ల కణాలు 3,400కు దిగాయి. రెండూ ఈ మందుతో వచ్చేవేనని, ఇంత మాత్రానికి ఆపనక్కర్లేదని డాక్టరు నెల తరువాత మళ్లీ చేయించారు. పారసిటమాల్ తగ్గించి కొన్ని వారాలు ఐబుప్రొఫెన్‌కు మార్చారు. అప్పుడే ఒక నిజం బయటపెట్టాను. బంధువులొకరు ఇమ్యూనిటీ పెరుగుతుందని తిప్పతీగ కషాయం పంపితే మూడు వారాలు తాగాను. కరోనా కాలం నుంచి మన ఇళ్లలో ఇమ్యూనిటీ పెరగడమంటే పుణ్యం పెరగడం లాంటిది. నా సైన్యం చిన్నదని వాళ్ల బాధ, అది తిరగబడ్డదని ఎలా చెప్పను? డాక్టరు కాలేయం పేరు చెప్పి ఆ సీసా పారబోయించారు. ఆగస్టుకు ఎంజైము మామూలు స్థాయికి వచ్చింది.

మందు విజయవాడ నుంచి వచ్చేది. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఆ ఊరి మీద పడింది. దుకాణం అబ్బాయి ఫోనులో "అక్కా, మా గోడౌన్ ముందు నడుములోతు నీళ్లు" అన్నాడు. అతని ఇల్లు మునిగితే నేను ఇంజెక్షన్ గురించి అడుగుతున్నానని సిగ్గేసింది, అయినా అడిగాను. 6వ తేదీ శుక్రవారం మందు లేదు. 10న, మంగళవారం వచ్చింది. ఆ నాలుగు రోజులూ కాలికి చీమ కుట్టినా దాడి వచ్చిందనుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లో ఎప్పుడూ రెండు సిరంజిలు ఎక్కువ ఉంచుతున్నాను.

అంతకన్నా పెద్ద భయం ఆ నెలాఖరులో పట్టుకుంది. జ్వరం రావడం మానేసింది. రెండు శుక్రవారాలు వరసగా 98.6. ఇంట్లో వాళ్లు సంబరపడ్డారు. నేను మాత్రం ఇంజెక్షన్ పనిచేయడం లేదని నిశ్చయించుకున్నాను. ఎందుకంటే చీటీల్లో ఒకదాని మీద ఆవిడ మరో బొమ్మ గీశారు. కొందరి ఒంట్లో మందుకే యాంటీబాడీలు పుడతాయి, అవి ఇంటర్‌ఫెరాన్‌ను పట్టేసుకుని గ్రాహకం దాకా చేరనివ్వవు. కబురు దారిలోనే ఆగిపోతుంది, ఎమ్ఎక్స్ఎ పెరగదు, కానీ డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది. జ్వరమే నాకు రసీదులా ఉండేది. రసీదు రాకపోతే సరుకు చేరిందని ఎలా నమ్మేది?

ఫోను చేసి ఏడ్చాను. జ్వరం కొన్ని నెలలకు చాలామందిలో తగ్గిపోతుందని, జ్వరం ఉంటే మందు పనిచేస్తున్నట్టూ కాదు, లేకపోతే పనిచేయనట్టూ కాదని ఆవిడ ఓపిగ్గా రెండు సార్లు చెప్పారు. వారానికి ఒకటి కండలోకి ఇచ్చే ఈ రకంలో ఆ యాంటీబాడీలు తక్కువమందికి వస్తాయి, వచ్చేవి కూడా ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే కనిపిస్తాయి. ఆ పరీక్ష మాకు దగ్గర్లో దొరకలేదు. "దాడులు, ఎంఆర్ఐ. ఈ రెండే మన రసీదులు" అన్నారు.

అక్టోబరు 14న స్కాన్. పాత రెండు మచ్చలు మెరవడం మానేశాయి. ఒక కొత్త మచ్చ వచ్చింది, అదీ మెరవడం లేదు. నా గుండె జారింది. అది మందు పూర్తిగా అందుకోక ముందు మొదటి నెలల్లో పుట్టి ఉండవచ్చని, ఈ స్కాన్‌నే ఇకపై కొలతగా పెట్టుకుందామని ఆవిడ అన్నారు. అది ఓదార్పా నిజమా అన్నది తేలడానికి ఆరు నెలలు ఆగాను. 2025 ఏప్రిల్ 21న మళ్లీ తీస్తే కొత్త మచ్చ లేదు, మెరిసేది లేదు. ఈ పదిహేను నెలల్లో కొత్త దాడి కూడా రాలేదు. ఇది ఇంటర్‌ఫెరాన్ చలవా, నా జబ్బే నెమ్మదైనదా అని అడిగితే, ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరన్నారు.

మనసు సంగతి దాచను. గత డిసెంబరులో ఆరు వారాలు ఏ పనీ చేయబుద్ధి కాలేదు, పద్దులు రెండు సార్లు తప్పు రాశాను. ఈ మందుతో దిగులు రావచ్చని కాగితంలో ఉన్నా నేను చదవలేదు, మా ఆయన చదివారు. ఆయనే డాక్టరుకు చెప్పారు. కొన్నాళ్లు ఒక మాత్ర వాడాను, ఇప్పుడు లేదు.

ఇప్పుడు జులై. ఇంజెక్షన్లు అరవై దాటాయి. తొడల మీద చిన్న చిన్న గట్టి ముద్దలు ఉన్నాయి, అవి వేడి నీళ్ల కాపడానికి కరుగుతాయి. చూపు దాదాపు పూర్తిగా వచ్చింది, ఎరుపు మాత్రం రాలేదు. నిన్న యార్డులో ఎవరూ చూడకుండా ఎడమ కన్ను మూసి ఒక కాయ చూశాను. ఇటుక రంగు కాదు, కానీ నిగనిగ కూడా లేదు. నాన్న వెనక నుంచి చూస్తున్నారని తెలియదు. "తాలేనా?" అని అడిగారు. "కాదు నాన్నా, మంచి సరుకే" అన్నాను.